సెంటర్ నుంచి ఇంటికొచ్చాక ఏం చేయాలి? వ్యసనం, చికిత్సపై మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తాగుడు, మత్తుమందుల నుంచి బయటపడే చికిత్స గురించే. కొన్ని చాలా పెద్ద ఉత్తరాలు కాబట్టి ప్రశ్నల్ని కుదించాను, మిమ్మల్ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

ప్రశ్న: నా భర్త పన్నెండేళ్లుగా రోజూ తాగుతారు. ఎలాగోలా ఒప్పించి డీఅడిక్షన్ సెంటర్‌లో నెల రోజులు ఉంచాం. వచ్చాక రెండు నెలలు చుక్క ముట్టలేదు. ఒక రాత్రి పాత స్నేహితులు కలిశారు, మళ్ళీ మొదలైంది, ఇప్పుడు అంతా మునుపటిలాగే. డబ్బు దండగైందని అత్తగారు, ఈ మనిషి మారడని మా అన్నయ్య. తెలిసినావిడ ఒకరు ఏవో మాత్రలిచ్చి తినేదాంట్లో తెలియకుండా కలిపెయ్, తాగుడు అదే పోతుంది అంటున్నారు. కలపమంటారా, మళ్ళీ సెంటర్‌లో చేర్పించమంటారా?

జవాబు: ముందు ఆ మాత్రల సంగతి. దయచేసి కలపకండమ్మా. ఇలా చాటుగా ఇచ్చేది డైసల్ఫిరామ్ అయ్యే అవకాశం ఉంది. మద్యం ఒంట్లోకి వెళ్ళాక ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారి ఆ తర్వాత హాని లేనిదిగా విరిగిపోతుంది, ఈ మాత్ర ఆ రెండో పనిని ఆపేస్తుంది కాబట్టి విషం పేరుకుపోతుంది. ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, ఊపిరాడదు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. తాగితే ఇలా అవుతుందని తెలిసి, తానే ఒప్పుకుని, డాక్టర్ పర్యవేక్షణలో వేసుకునే మనిషికి ఆ భయమే రక్షణ. తెలియని మనిషి మామూలుగానే తాగేస్తాడు, గుండెజబ్బు ఉంటే ప్రాణమే పోవచ్చు. ఒకవేళ ఇప్పటికే కలిపి ఉంటే ఊరికే ఆపేస్తే సరిపోదు, ఆపాక కూడా రెండు వారాల వరకు దాని ప్రభావం ఉండొచ్చు కనుక ఆయనకి చెప్పి తీరాలి, గొడవైనా సరే. ఆ మాత్రల అట్ట పట్టుకుని ఇద్దరూ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇక మీ అసలు ప్రశ్న. ఆ నెల రోజులు వృథా కాలేదు. పన్నెండేళ్ళు రోజూ తాగిన మనిషి రెండు నెలలు ఇంట్లో, మీ మధ్యే, తాగకుండా ఉన్నారు. అది చిన్న విషయం కాదు. చికిత్స తీసుకున్నవాళ్ళలో 40 నుంచి 60 శాతం మంది మళ్ళీ మొదలుపెడతారని అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ డ్రగ్ అబ్యూజ్ లెక్క, బీపీ, ఆస్తమాల్లో జబ్బు తిరగబెట్టేవాళ్ళు ఇంకా ఎక్కువ, 50 నుంచి 70 శాతం అని కూడా వాళ్ళే చెబుతారు. మాత్రలు మానేసి బీపీ పెరిగినవాడిని చూసి డబ్బు దండగ, వీడు మారడు అని ఎవరూ అనరు కదా. మాత్ర మళ్ళీ మొదలుపెట్టిస్తారు, డోసు సరిపోతోందో లేదో చూస్తారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సెంటర్ నుంచి వచ్చిన రోజుకీ, ఆ స్నేహితులు కలిసిన రాత్రికీ మధ్య ఆయన్ని ఏ డాక్టర్ చూశారు, ఏ కౌన్సెలర్‌తో మాట్లాడారు, ఏ మాత్రలు వాడారు అన్నదాని గురించి ఒక్క వాక్యం లేదు. బహుశా ఏమీ జరగలేదు. చాలా ఇళ్ళల్లో ఇంతే, డిశ్చార్జ్ కాగితం బీరువాలో పెట్టేసి, హమ్మయ్య అయిపోయింది అనుకుంటాం. సెంటర్‌లో మొదటి వారం పది రోజుల్లో జరిగేది డీటాక్స్, అంటే శరీరాన్ని మద్యం లేకుండా సురక్షితంగా నిలబెట్టడం. మిగతా రోజులు కొంత కౌన్సెలింగ్, కొంత విశ్రాంతి, అన్నిటికంటే ముఖ్యంగా మద్యం అందుబాటులో లేకపోవడం. తాగడానికి ఏమీ దొరకని చోట తాగకుండా ఉండటం వేరు, దొరికే చోట ఉండటం వేరు. ఆ రెండోది నేర్చుకోవాల్సింది ఇంటికొచ్చాకే, కాబట్టి చికిత్సలో పెద్ద భాగం ఇంటికొచ్చాకే ఉంటుంది, అదీ వారాలు కాదు, నెలలు, ఒక్కోసారి ఏళ్ళు.

ఆ రెండు నెలల్లో సాయంత్రం ఆరున్నర ఏడు గంటలప్పుడు ఆయన ఎలా ఉండేవారో గుర్తు తెచ్చుకోండి. టీవీ పెట్టి కట్టేయడం, ఫోన్ తీసి ఎవరి పేరు దగ్గరో ఆగి మళ్ళీ పక్కన పెట్టేయడం, చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళి వెనక్కి రావడం, ఏ కారణం లేకుండా పిల్లల మీద విసుక్కోవడం, ఇలాంటివి ఉండే ఉంటాయి. నాలుక పీకేసే ఆ యావ ఎంత గట్టిగా వచ్చినా, తాగకుండా ఆగగలిగితే సాధారణంగా అరగంటలోపు తగ్గుముఖం పడుతుంది. ఆ అరగంట ఎక్కడ ఉండాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరి ఫోన్ ఎత్తకూడదు, జేబులో ఎంత డబ్బుండాలి, పాత స్నేహితుడు ఎదురుపడితే నోటితో ఏ మాట చెప్పి అక్కడి నుంచి కదలాలి అన్నవి ముందే అనుకుని, రాసుకుని, అలవాటు చేసుకోవాలి. కౌన్సెలర్ దగ్గర కూర్చుని చేసేది చాలావరకు ఇదే. ఊరికే నీతులు చెప్పి పంపే కౌన్సెలర్ అయితే మార్చేయండి.

దీనికి తోడు మాత్రలు కూడా ఉన్నాయి, వీటి గురించి చాలామందికి చెప్పనే చెప్పరు, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. నాల్‌ట్రెక్సోన్ తాగినప్పుడు వచ్చే ఆ హాయిని, ఆ యావని తగ్గిస్తుంది (కాలేయం పరిస్థితి చూసి ఇస్తారు, నల్లమందు జాతి నొప్పి మాత్రలు వాడేవాళ్ళకి పనికిరాదు). అకాంప్రోసేట్ మానేసిన తర్వాత మెదడులో మిగిలే ఆ అశాంతిని తగ్గిస్తుందంటారు, ఇది కిడ్నీల ద్వారా పోతుంది కాబట్టి కాలేయం దెబ్బతిన్నవాళ్ళకి కూడా డాక్టర్లు ఆలోచిస్తారు. ఏది సరిపడుతుందో సైకియాట్రిస్ట్ చెప్పాలి. ఆయన మళ్ళీ సెంటర్‌లో ఉండాలా, ఇంటి నుంచే వెళ్ళి చూపించుకుంటే చాలా అన్నది కూడా ఆయన ఇప్పుడు ఎంత తాగుతున్నారు, ఆపినప్పుడు ఒంట్లో ఏం జరుగుతోంది అన్నదాన్ని బట్టే తేలుతుంది.

ఇంకోటి, ఇది ప్రాణానికి సంబంధించింది. రేపట్నుంచి బంద్ అని ఒట్టు వేయించుకుని ఇంట్లో కూర్చోబెట్టకండి. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాళ్ళు ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం మొదలవుతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి డెలీరియం అంటే మతి తప్పడం. గ్లాసు పట్టుకోలేనంత వణుకు, దుప్పటి మీద పురుగులు పాకుతున్నాయని ఏరడం, ఇంట్లోనే ఉండి ఇది ఎవరి ఇల్లు అని అడగడం. అది నాటకమూ కాదు, గాలి సోకడమూ కాదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. అక్కడ డయాజెపామ్ లాంటి మాత్రలతో ఆ లక్షణాల్ని మెల్లగా తగ్గిస్తారు, థయమిన్ అంటే బి1 విటమిన్ ఇస్తారు, అది లోపిస్తే మెదడు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టర్‌కి మొదటి మాటగా అదే చెప్పండి.

మీ గురించి ఉత్తరంలో ఒక్క ముక్కా రాయలేదు మీరు. తాగేవాళ్ళ కుటుంబాల కోసం అల్-అనాన్ అని 1951 నుంచి నడుస్తున్న బృందాలున్నాయి, అక్కడికి వెళ్ళేది ఆయన్ని మార్చడానికి కాదు, మీరు నిలబడటానికి. ఆయన్ని చికిత్సకి ఒప్పించే సంగతైతే, రాబర్ట్ మేయర్స్ అనే సైకాలజిస్ట్ తయారుచేసిన క్రాఫ్ట్ అనే పద్ధతి ఉంది, ఇంట్లోవాళ్ళకే శిక్షణ ఇస్తారు. తాగకుండా ఉన్న పూట ఆయనతో కలిసి కూర్చోవడం, తాగి వచ్చిన పూట గొడవపడకుండా పక్కకి తప్పుకోవడం, ఆఫీసుకి ఫోన్ చేసి ఒంట్లో బాలేదని అబద్ధం చెప్పకపోవడం, మనసు మెత్తబడిన క్షణం చూసి వెంటనే అపాయింట్‌మెంట్ తీసుకోవడం, ఇలా. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ శిక్షణ పొందిన కుటుంబాల్లో 64 శాతం, అందరూ కలిసి నిలదీసే పద్ధతిలో 30 శాతం, అల్-అనాన్ తరహా సలహాతో 13 శాతం తమవాళ్ళని చికిత్సకి తేగలిగారు. ఈ పేరుతో శిక్షణ ఇచ్చేవాళ్ళు దొరక్కపోయినా మీ కౌన్సెలర్‌ని ఈ పద్ధతి గురించి అడగండి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఆయన చెయ్యి చేసుకుంటున్నట్టయితే ఈ ఓపికలన్నీ తర్వాత, ముందు మీరూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటు చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్ళు. యాక్సిడెంట్ తర్వాత నొప్పికి ఇచ్చిన మాత్రలతో మొదలై హెరాయిన్ దాకా వెళ్ళాడు. ఇప్పుడు డాక్టర్ బ్యుప్రెనార్ఫిన్ ఇస్తున్నారు, రోజూ నాలుక కింద పెట్టుకుంటాడు. కుదురుగా ఉన్నాడు, పనికి వెళ్తున్నాడు. కానీ ఒక వ్యసనం పోయి ఇంకోటి పట్టుకుందని బంధువులు అంటుంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఎప్పుడు ఆపించమంటారు?

జవాబు: కుదురుగా ఉన్నాడు, పనికి వెళ్తున్నాడు అని మీరే రాశారండీ. బంధువులు ఎన్ని అన్నా ఆ రెండు మాటలు పట్టుకుని ఉండండి.

వ్యసనం అంటే రోజూ ఒక మాత్ర వేసుకోవడం కాదు. నష్టం కళ్ళముందే కనిపిస్తున్నా ఆపలేకపోవడం, దాని కోసం అబద్ధాలు, అప్పులు, రోజంతా అదే ధ్యాస. మీవాడికి ఇప్పుడు అవి ఉన్నాయా? బ్యుప్రెనార్ఫిన్ కూడా హెరాయిన్ పట్టుకునే చోటే మెదడులో పట్టుకుంటుంది, కానీ సగం సగంగా, చాలాసేపు. అందుకే మానేసిన బాధ ఉండదు, యావ తగ్గుతుంది, డోసు పెంచుకుంటూ పోయినా ఒక స్థాయి దాటాక ప్రభావం పెరగదు. ఈ దారి కొత్తదేం కాదు, 1960లలోనే న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే డాక్టర్లు మెథడోన్ అనే మందుతో ఇలాంటి చికిత్స మొదలుపెట్టారు, 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెథడోన్‌నీ బ్యుప్రెనార్ఫిన్‌నీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఈ చికిత్సలో ఉన్నంతకాలం చనిపోయే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతుందని ఎన్నో దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి.

తొందరపడి ఆపిస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి, భయపెట్టాలని కాదు, తెలియాలని. కొన్నాళ్ళు దూరంగా ఉన్న ఒంటికి హెరాయిన్‌ని తట్టుకునే శక్తి పోతుంది, కానీ మనిషికి గుర్తుండేది పాత మోతాదే. అదే మోతాదు మళ్ళీ తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. డీటాక్స్ నుంచి, జైలు నుంచి బయటికొచ్చిన మొదటి కొన్ని వారాల్లో ఇలాంటి మరణాలు ఎక్కువగా జరిగేది ఇందుకే. కాబట్టి ఎప్పుడు ఆపాలి అన్నదానికి తారీఖు లేదండీ. చాలామందికి ఏడాదికి పైగా, కొందరికి ఏళ్ళ తరబడి అవసరమవుతుంది. ఎప్పుడైనా ఆపాలనుకుంటే అది మీ అబ్బాయీ డాక్టరూ కలిసి అనుకోవాలి, డోసు చాలా మెల్లగా తగ్గించాలి, ఆ తగ్గించే రోజుల్లో యావ తిరిగి వస్తే మళ్ళీ పెంచుకోవడానికి సిగ్గుపడకూడదు.

మీరు ఇంట్లో చేయాల్సినవి కొన్నున్నాయి. ఆ మాత్రలు తాళం వేసి పెట్టండి, చిన్నపిల్లల చేతికి చిక్కితే ప్రాణాంతకం. నిద్రమాత్రలు, మద్యం దీంతో కలవకూడదు. నాలోక్సోన్ అనే విరుగుడు మందు, ముక్కులో కొట్టే స్ప్రేగా గానీ ఇంజెక్షన్‌గా గానీ, ఇంట్లో ఉంచుకోగలమా అని డాక్టర్‌ని అడగండి. ఎప్పుడైనా లేపితే లేవకుండా, గురకలాంటి శబ్దంతో ఊపిరి చాలా నెమ్మదిగా ఆడుతూ, పెదవులు నీలంగా, కంటిపాప సూదిమొనంత చిన్నగా కనిపిస్తే అంబులెన్స్‌కి ఫోన్ చేసి, నాలోక్సోన్ ఇచ్చి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆడకపోతే నోటితో ఊపిరి అందించాలి. లేచి కూర్చున్నాడని ఆస్పత్రికి తీసుకెళ్ళకుండా ఉండొద్దు, నాలోక్సోన్ ప్రభావం అరగంట నుంచి గంటన్నరలో తగ్గిపోతుంది, హెరాయిన్ ఇంకా ఒంట్లోనే ఉండొచ్చు.

ప్రశ్న: నాకు 22. నాలుగేళ్లుగా రోజూ గంజాయి. మానేద్దామని చూస్తే నిద్ర పట్టదు, తిండి సహించదు, అందరి మీదా కోపం. దీనికి మాత్ర ఏదైనా ఉందా?

జవాబు: గంజాయి మాన్పించడానికంటూ ఆమోదం పొందిన మాత్ర ఇప్పటివరకు లేదు తమ్ముడూ. నువ్వు చెప్పినవన్నీ మానేసినప్పుడు వచ్చే లక్షణాలే, ఒకటి రెండు రోజుల్లో మొదలై మొదటి వారంలో ఎక్కువై రెండు మూడు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి, నిద్ర మాత్రం ఇంకొన్నాళ్ళు సతాయిస్తుంది, పిచ్చి పిచ్చి కలలు కూడా వస్తాయి. ఇది తెలియక చాలామంది నాలుగో రోజున, ఇక నా వల్ల కాదు అని మళ్ళీ వెలిగిస్తారు. పని చేసేది కౌన్సెలింగే, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) లాంటివి. నిద్రకీ టెన్షన్‌కీ డాక్టర్ కొద్దిరోజులు ఏదైనా ఇవ్వొచ్చు, నీ అంతట నువ్వు నిద్రమాత్రలు కొనుక్కోకు. ఎవరో నీ గురించే మాట్లాడుకుంటున్నారని, వెంటాడుతున్నారని అనిపించడం, చెవిలో మాటలు వినిపించడం ఉంటే మాత్రం ఈ వారమే సైకియాట్రిస్ట్‌ని కలువు, ఇంట్లో ఒక్కరికైనా చెప్పి వెంట తీసుకెళ్ళు.

ప్రశ్న: మా తమ్ముడిని ఎక్కడ చేర్పించాలో తెలియడం లేదు. ప్రతి సెంటరూ నూటికి నూరు శాతం గ్యారంటీ అంటోంది. మంచిదేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: గ్యారంటీ అన్న చోట అడుగు పెట్టకండి, అంతే. పైన చెప్పిన లెక్కలు చూశారుగా, నిజాయితీగా పనిచేసే ఏ డాక్టరూ ఆ మాట అనలేరు.

వెళ్ళి చూడకుండా చేర్పించొద్దు. డాక్టర్ రోజూ వస్తారా, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు అని అడగండి. చేర్చుకునే ముందు పరీక్ష చేస్తారా, ఏం వాడుతున్నాడు, ఎంత, ఇంకే జబ్బులున్నాయి, డిప్రెషన్ ఉందా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడుగుతారా, లేక డబ్బు కట్టించుకుని లోపలికి పంపేస్తారా గమనించండి. వ్యసనం ఉన్న చాలామందికి లోపల డిప్రెషనో, ఆందోళనో, పాత గాయమో ఉంటుంది, రెండింటికీ కలిపి వైద్యం జరగాలి. లోపల ఉన్నవాళ్ళతో మీరు మాట్లాడటానికి ఒప్పుకుంటారా? గదులు చూపిస్తారా? మొదటి నెల ఇంట్లోవాళ్ళు ఫోన్ కూడా చేయకూడదు, కొడితేగానీ మాట వినరు, కట్టేస్తేగానీ కుదరదు లాంటి మాటలు వినిపిస్తే తమ్ముడిని అక్కడ వదలకండి. అది చికిత్స కాదు, హింస. బలవంతంగా నిర్బంధించే ఇలాంటి కేంద్రాల్ని మూసేయాలని 2012లో ఐక్యరాజ్య సమితికి చెందిన 12 సంస్థలు కలిసి దేశాలన్నిటినీ కోరాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాల విభాగం 2020లో కలిసి ప్రచురించిన చికిత్స ప్రమాణాల్లో కూడా మనిషి ఒప్పుకోలు, గౌరవం, పనిచేస్తుందని ఆధారాలున్న వైద్యం అన్నవే పునాది.

నేనైతే అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న వేరే. ఇక్కడి నుంచి పంపించాక మొదటి ఆరు నెలలు మీరేం చేస్తారు? ఎన్ని రోజులకోసారి రమ్మంటారు, రాకపోతే ఫోన్ చేస్తారా, మళ్ళీ తాగితే తిట్టి పంపకుండా చేర్చుకుంటారా? దీనికి వివరంగా జవాబు చెప్పిన చోటు చిన్నదైనా, గోడలకి రంగులు వెలిసిపోయి ఉన్నా, ఏసీ గదులున్న దానికంటే నాకు అదే నయం. అన్నట్టు అందరికీ లోపల ఉండే చికిత్స అవసరం లేదు, ఆపినప్పుడు ప్రమాదం లేనివాళ్ళు, ఇంట్లో కాస్త ఆసరా ఉన్నవాళ్ళు ఔట్‌పేషెంట్‌గానే బాగుపడొచ్చు, ముందు ఏదైనా జనరల్ ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో చూపించి ఆ సలహా తీసుకోండి.

ప్రశ్న: ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి వెళ్ళమని డాక్టర్ చెప్పారు. నేను దేవుడిని నమ్మను. అక్కడ నాలాంటివాడు ఇమడగలడా?

జవాబు: ఇమడగలరు, కానీ నచ్చకపోయే అవకాశం కూడా ఉంది, రెండూ నిజమే. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్ళో ఇద్దరు తాగుబోతులు, ఒక స్టాక్ బ్రోకర్, ఒక సర్జన్, ఒకరికొకరు తోడుండి తాగకుండా నిలబడటంతో మొదలైంది ఈ ఉద్యమం. ఫీజు లేదు, పేరు పూర్తిగా చెప్పక్కర్లేదు, చేరడానికి కావాల్సిన ఒకే ఒక్క అర్హత తాగుడు మానాలన్న కోరిక. తాగుడు మానడానికి వాళ్ళు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది, కానీ ఎవరికి వారు అర్థం చేసుకున్నట్టుగా అని కూడా ఉంది, ఆ బృందాన్నే తమకంటే పెద్ద శక్తిగా భావించి ఏళ్ళ తరబడి మానేసి ఉన్న నాస్తికులు ఉన్నారు. అది అస్సలు పడకపోతే దేవుడి ఊసు లేకుండా థెరపీ పద్ధతుల మీద నడిచే స్మార్ట్ రికవరీ అనే బృందాలున్నాయి, ఆన్‌లైన్‌లో కూడా మీటింగులు జరుగుతాయి.

ఒక్క మీటింగు చూసి తేల్చేయకండి, ఒక్కో బృందం ఒక్కోలా ఉంటుంది, వేరే రోజు, వేరే చోట జరిగేవి కూడా చూడండి. మొదటి రోజు మాట్లాడక్కర్లేదు, వెనక కుర్చీలో కూర్చుని వింటే చాలు. బయటికొచ్చేటప్పుడు ఇద్దరి ముగ్గురి ఫోన్ నంబర్లు మాత్రం తీసుకోండి, అడిగితే ఇస్తారు, రాత్రి పదకొండింటికి చేసినా ఎత్తేవాళ్ళు వాళ్ళలో ఉంటారు. డాక్టర్ ఇచ్చిన మాత్రలు మానేయమని అక్కడ ఎవరైనా సలహా ఇస్తే అది ఆ మనిషి సొంత అభిప్రాయమే గానీ ఆ సంస్థ మాట కాదు, మాత్రల విషయం మీ డాక్టర్‌తోనే మాట్లాడండి.